జవాబు ఎవరి దగ్గరా లేని చోట

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక పల్లె. బాపు పత్తి, మక్క వేస్తాడు. కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ బంగారు పతకంతో పూర్తి చేసి, మట్టిలోని భాస్వరం మీద పీహెచ్‌డీ చేయడానికి జర్మనీ వచ్చాను. ఇప్పుడు రెండో సంవత్సరం నడుస్తోంది. ఒకే మట్టి, ఒకే పద్ధతి, అయినా కొన్ని నెలలుగా కొలతలు ఒక్కలా రావడం లేదు. వారం వారం జరిగే గ్రూప్ మీటింగ్‌లో మా ప్రొఫెసర్ గారు "నీకేమనిపిస్తోంది?" అని అడిగితే నాకు నోరు పెగలదు. ఇంట్లో మాత్రం అంతా బాగుందనే చెబుతున్నాను. మొన్న అక్క పెళ్ళికి వెళ్ళినప్పుడు, ఆడవాళ్ళు ఎప్పుడూ ఆఖరి బంతిలోనే ఎందుకు తినాలని అడిగినందుకు మా మేనమామ "మారిపోయినవ్ బిడ్డా" అన్నాడు. నాకూ అక్కడి ఆలస్యాలు, అరుపులు చూస్తే విసుగు వచ్చింది. నాతో చదివినవాళ్ళు హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో స్థిరపడ్డారు. నేను ఎదుగుతున్నానా, లేక ఉన్నది కూడా పోగొట్టుకుంటున్నానా? వదిలేసి వచ్చేయనా?
ఒక పాఠకురాలు, జర్మనీ

సమాధానం:

అమ్మా,

మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. మీరు రాసిన కారణాలకే అయితే చదువు వదిలి రావలసిన అవసరం లేదు. వదిలి రావలసిన కారణాలు కొన్ని నిజంగానే ఉంటాయి, వాటి సంగతి తరువాత రాస్తాను. మీ ఉత్తరంలో అవేవీ నాకు కనబడలేదు. చదువులో ఎప్పుడూ ముందు వరుసలో ఉన్న మనిషి, చేస్తున్న పని స్వభావమే మారిపోయిందని గమనించకుండా, పాత పరీక్షల లెక్కలోనే తనకు తాను మార్కులు వేసుకుని దిగులుపడడం మాత్రం కనబడింది.

డిగ్రీలోనూ ఎమ్మెస్సీలోనూ మీరు చేసిన సాల్ట్ అనాలిసిస్ పరీక్షను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మీకిచ్చిన పొడి ఏమిటో మీకు తెలియదు గానీ, ఏ నంబరు వారికి ఏ లవణం ఇచ్చారో రాసిపెట్టిన కాగితం పరీక్షకుల దగ్గర ఉంటుంది. మీరు జ్వాలా పరీక్ష చేసినా, హైడ్రోజన్ సల్ఫైడ్ పంపి అవక్షేపం రంగు చూసినా, ఆఖరికి ఆ కాగితంలో ఉన్న పేరునే చేరుకోవాలి. చేరితే మార్కులు వస్తాయి, చేరకపోతే పోతాయి. ఒకటో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా 17 ఏళ్ళ పాటు మీరు ఆ కాగితాన్ని చేరుకోవడంలో ఆరితేరారు, బంగారు పతకం దానికే వచ్చింది, అది చిన్న విషయమని నేననను. ఇప్పుడు మీ చేతిలో ఉన్న మట్టి విషయంలో అలాంటి కాగితం ఎవరి దగ్గరా లేదు, మీ ప్రొఫెసర్ గారి దగ్గర కూడా లేదు. ఆమె "నీకేమనిపిస్తోంది?" అని అడిగినప్పుడు మీరు దాన్ని వైవా ప్రశ్నగా తీసుకుంటున్నారు, అందుకే ఆమె మనసులో ఉన్న సరైన జవాబేమిటో ఊహించబోయి, అది దొరకక, మౌనంగా ఉండిపోతున్నారు. ఆమె తెలియకనే అడుగుతున్నారు. ఆ మట్టిని జల్లెడ పట్టి, తూచి, వడపోసి, సీసాల్లో రంగు ఎలా వస్తోందో రోజూ కళ్ళారా చూస్తున్నది ఆ గదిలో మీరొక్కరే కాబట్టి, మీకు అనిపించినది ఆమెకు నిజంగానే కావాలి.

మన బళ్ళలో, కళాశాలల్లో గురువు మాట్లాడుతున్నప్పుడు ఎదురు మాట్లాడకపోవడం మర్యాద, ఆ మర్యాదలోనే మీరూ నేనూ పెరిగాం. అక్కడి ప్రయోగశాలలో అదే మౌనాన్ని ఒప్పుకోలుగానో, ఆసక్తి లేకపోవడంగానో తీసుకుంటారు. మన పద్ధతి తక్కువది, వారి పద్ధతి ఎక్కువది అని చెప్పడం నా ఉద్దేశం కాదు. అయితే ఎవరి దగ్గరా జవాబు లేని పనిలో ప్రతి ఒక్కరూ తమకు తోచింది పైకి చెబితే తప్ప ముందుకు కదలడం సాధ్యం కాదు. అందుకోసం మీ స్వభావాన్ని మార్చుకోనక్కరలేదు, మీటింగ్‌కు ముందు రోజు సాయంత్రం మూడు వాక్యాలు కాగితం మీద రాసుకుంటే చాలు. ఈ వారం నాకు వచ్చిన కొలతలు ఇవి. వీటికి కారణం ఇదై ఉంటుందని అనుకుంటున్నాను. నా ఊహ తప్పో ఒప్పో తేల్చడానికి వచ్చే వారం ఈ పని చేస్తాను. మీ వంతు రాగానే ఆ మూడూ చదవండి. రెండో వాక్యం తప్పయినా నష్టం లేదు, తప్పయితే ఎలా తెలుస్తుందో మూడో వాక్యంలో మీరే చెప్పేశారు కదా. ఇతరులు మాట్లాడేటప్పుడు కూడా మీటింగ్‌కు ఒక్క ప్రశ్న అడగాలని నియమం పెట్టుకోండి. గ్రాఫ్‌లో ఒక చుక్క మిగతా వాటికి దూరంగా ఎందుకు పడిందని అడిగినా అది మంచి ప్రశ్నే. ఆంగ్లంలో తడబడతామన్న బెరుకు వద్దు, ఆ బల్ల చుట్టూ కూర్చున్న వారిలో చాలామందికి అది నేర్చుకున్న భాషే.

ఇక కొలతల సంగతి. మీరు ఒక్క వాక్యంలో దాటేశారు గానీ, మీ ఉత్తరం మొత్తంలో నేను ఎక్కువసేపు ఆగింది అక్కడే. మట్టి నుంచి తీసిన ద్రావణానికి ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, ఆస్కార్బిక్ ఆమ్లంతో క్షయకరణం చేసి (అంటే ఎలక్ట్రాన్లు అందించి), వచ్చిన నీలం రంగును, రంగు ఎంత గాఢంగా ఉందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూసి మీరు భాస్వరాన్ని లెక్కిస్తున్నారని అనుకుంటున్నాను, ఎందుకంటే చాలా ప్రయోగశాలల్లో వాడుకలో ఉన్న పద్ధతి అదే. ఆ నీలం రంగును తప్పుదారి పట్టించేవి చాలా ఉన్నాయి. గాజు సామాను ఫాస్ఫేట్ (భాస్వరం ఉండే లవణం) ఉన్న డిటర్జెంట్‌తో కడిగితే ఆ ఫాస్ఫేటే మీ లెక్కలోకి వచ్చి కూర్చుంటుంది, అందుకే సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగమంటారు. సిలికేట్, ఆర్సెనేట్ కూడా మాలిబ్డేట్‌తో అలాంటి రంగునే ఇస్తాయి. మట్టిలో ఆకులు అలములు కుళ్ళి ఏర్పడే హ్యూమిక్ పదార్థాల వల్ల ద్రావణానికి ముందే పసుపో గోధుమ రంగో ఉంటుంది. రంగు పూర్తిగా రావడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి, ఒక రోజు తొందరగా, ఇంకొక రోజు తీరికగా చూస్తే రెండు అంకెలు వస్తాయి. తీసిన ద్రావణాన్ని చల్లగా పెట్టకుండా బల్ల మీద వదిలేస్తే సూక్ష్మజీవులు తమ పని తాము చేసుకుపోతాయి. అసలు ఒకే సంచిలోని మట్టి కూడా బాగా కలిపి, మెత్తగా చేయకపోతే పైన ఒక రకంగా, అడుగున ఒక రకంగా ఉంటుంది.

వీటిలో మీ దగ్గర జరుగుతున్నది ఏదో నేను హనుమకొండలో కూర్చుని చెప్పలేను, మీరు చెప్పగలరు, కాకపోతే ఒకసారికి ఒక్క విషయాన్నే మార్చి చూడాలి. ప్రతి విడతలోనూ మట్టి లేకుండా మిగతావన్నీ కలిపిన ఒక సీసా, అంటే బ్లాంక్, పెట్టండి. మట్టి ద్రావణంలో మీకు తెలిసిన మోతాదు ఫాస్ఫేట్‌ను అదనంగా కలిపి, కలిపినంతా కొలతలో తిరిగి కనబడుతోందో లేదో చూడండి. తగ్గినా పెరిగినా, ద్రావణంలో ఇంకేదో అడ్డుపడుతోందని అర్థం. సీసాల మీది పేర్లు తీసి నంబర్లు మాత్రమే వేసి ఇమ్మని తోటి విద్యార్థిని ఎవరినైనా అడగండి, ఏది ఏ మట్టో తెలియనప్పుడు మనకు నచ్చిన అంకె మీద మోజు ఉండదు. ఇదంతా రోజూ తేదీ వేసి, ఏమి వస్తుందని అనుకున్నారో, ఏమి వచ్చిందో, దేన్ని అనుమానిస్తున్నారో నోటుపుస్తకంలో రాయండి. బాగా రాని రోజు పేజీని చింపి శుభ్రంగా తిరగరాయకండి. జర్మన్ పరిశోధన సంస్థ డీఎఫ్‌జీ మార్గదర్శకాల ప్రకారం పరిశోధన వివరాలను సాధారణంగా పదేళ్ళు భద్రపరచాలి, అంటే మీ తరువాత ఆ బల్ల దగ్గరకు వచ్చే విద్యార్థి కూడా మీ పాడైన రోజులను చదువుకుంటాడు, వాటి వల్ల బాగుపడతాడు.

ఈ నీలం రంగుతో ఒక తెలుగువారి పేరు ముడిపడి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో హార్వర్డ్ వైద్య పాఠశాలకు చేరుకుని, గడవడం కోసం ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ పని చేస్తూ, ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని తయారుచేశారు. అది 1925లో అచ్చయింది. అందులోనూ మాలిబ్డేట్ నీలమే, క్షయకరణికి వాడిన పదార్థం మాత్రం వేరు. ఆ పద్ధతిని కండరం నుంచి తీసిన ద్రావణం మీద ప్రయోగించినప్పుడు రంగు రావలసినంత త్వరగా రాలేదు. పద్ధతిలో లోపమని సర్దిచెప్పుకుని వదిలేయడానికి అది చాలు. వారు వదిలేయకుండా రంగు ఎందుకు ఆలస్యమవుతోందో వెతుక్కుంటూ పోతే, కండరంలో ఆమ్లం తగిలితే తేలికగా విడిపోయే ఒక భాస్వర సమ్మేళనం ఉందని తేలింది. కండరానికి శక్తిని అందించడంలో తోడ్పడే ఆ సమ్మేళనాన్ని, ఈ రోజు ప్రతి జీవశాస్త్ర విద్యార్థి చదువుకునే ఫాస్ఫోక్రియాటిన్‌ను, వారు 1927లో ప్రకటించింది అలా. దాదాపు అదే కాలంలో ఇంగ్లండ్‌లోనూ దాన్ని విడిగా గుర్తించారు. మన ఊళ్ళలో బోదకాలు రాకుండా పంచే డీఈసీ మాత్ర కూడా తరువాతి కాలంలో ఆయన నడిపిన పరిశోధనశాలలోనే పుట్టింది. మీ అంకెల వెనుక కూడా అంత పెద్ద విషయం దాగి ఉందని మీకు ఆశ పెట్టడం లేదు. చాలాసార్లు వెతికితే దొరికేది సరిగా కడగని బీకరే. అయినా ఆ బీకరును పట్టుకోవడానికి మీరు చేసే పనీ, ఆలస్యమైన రంగు వెంట ఆయన పడ్డ పాట్లూ ఒక్క జాతికి చెందినవే, ఎదుగుతున్నానా అని మీరు అడిగిన ప్రశ్నకు జవాబు నేను అక్కడే చూస్తాను. కొలత కుదరనప్పుడు ఎమ్మెస్సీలో మీరు సార్‌ను అడిగేవారు. ఇప్పుడు ఏమి అనుమానించాలో, ఏ వరుసలో అనుమానించాలో, ఎక్కడ ఆగాలో మీరే నిర్ణయించుకోవాలి. అది వచ్చిన రోజు ఎవరూ చప్పట్లు కొట్టరు, పతకం ఇవ్వరు, అందుకే వచ్చిందని మనకు తెలియడం కూడా ఆలస్యమవుతుంది.

ఇంట్లో అంతా బాగుందని చెబుతున్నానని రాశారు. దీన్ని మాత్రం మానుకోమని గట్టిగా చెబుతాను. అబద్ధం చెబుతున్నారని కాదు, ఆ అబద్ధం వల్ల మీరు ఒంటరి అవుతున్నారు. మీరు ల్యాబ్ నుంచి బయటపడే సాయంత్రం ఆరింటికి, ఈ చలికాలంలో ఇక్కడ రాత్రి పదిన్నర, ఊళ్ళో అందరూ పడుకుంటారు. కాబట్టి ఆదివారం పొద్దున తీరికగా ఫోన్ చేసి, మీ పని ఏమిటో బాపుకు మొదటి నుంచి చెప్పండి. ఆయనకు అర్థం కాదని అనుకోకండి. డీఏపీ ఎరువు బస్తా మీద 18, 46 అని రాసి ఉండేది ఆయన ఏళ్ళ తరబడి చూస్తున్నాడు. ఆ రెండో అంకె భాస్వరానిదని, అది ఆక్సైడ్ లెక్కలో నూటికి 46 పాళ్ళని, వేసిన దాంట్లో ఆ పంటకు అందేది కొంతేనని, మిగిలింది ఎర్రటి చెల్కల్లో ఇనుము, అల్యూమినియంతోనూ, సున్నం ఎక్కువగా ఉన్న నల్లరేగళ్ళలో క్యాల్షియంతోనూ కట్టుబడిపోతుందని, ఆ కట్టుబడిన దాన్ని ఎలా కొలవాలన్నదే మీ తిప్పలని చెప్పండి. ఆయన తప్పకుండా అడుగుతాడు: మరి భూమిలోనే ఉన్నదాన్ని మొక్కకు అందేటట్టు చేయలేరా, ప్రతి ఏడూ ఎందుకు కొనాలి అని. ఎరువుకు కావలసిన ఫాస్ఫేట్‌లో ఎక్కువ భాగం బయటి దేశాల నుంచి కొనుక్కుంటున్న మన దేశంలో అంతకన్నా పెద్ద ప్రశ్న లేదు, మీ రంగంలో ఎందరో దాని మీదే పనిచేస్తున్నారు. ఆయనకు చెప్పబోయి ఏ మెట్టు దగ్గర మీరు తడుముకుంటారో, అక్కడ మీకే ఇంకా స్పష్టత లేదని తెలుస్తుంది. మీటింగ్‌కు ముందు అంతకన్నా మంచి కసరత్తు లేదు. కొలతలు కుదరడం లేదని కూడా ఆయనకు చెప్పండి. వానలు ముఖం చాటేసిన ఏళ్ళను, పత్తికి పురుగు పట్టిన ఏళ్ళను చూసిన రైతుకు, చేసిన పని చేసినట్టు ఫలించకపోవడం కొత్త సంగతి కాదు.

పెళ్ళిలో జరిగిన దాని గురించి నా అభిప్రాయం కొంచెం నిష్ఠూరంగా ఉంటుంది, ఏమనుకోకండి. బంతి భోజనాల గురించి మీరు అడిగిన ప్రశ్న సరైనది, అది అడగడానికి జర్మనీ వెళ్ళనక్కరలేదు, వెళ్ళినందువల్ల అడగకూడదనీ లేదు. కారణం లేని ఆచారాన్ని ఎందుకని అడిగే అలవాటు మీకు ల్యాబ్‌లో పనికివచ్చేదే, ఇంట్లోనూ పనికివస్తుంది. అయితే ప్రశ్న వేసి ఊరుకోకుండా మరుసటి బంతిలో అమ్మను, పెద్దమ్మను కూర్చోబెట్టి మీరే వడ్డించి ఉంటే, మేనమామ అన్న మాటకు అక్కడే జవాబు దొరికేది. ఇక ఆలస్యాలు, అరుపులు చూసి విసుగొచ్చిందన్నారే, అది వేరు. పదిమంది పనివాళ్ళను పెట్టుకునే స్తోమత లేని ఇంట్లో పెళ్ళంటే, అందరూ అన్నీ ఎత్తి దించితే తప్ప గడవదు, గొంతు పెంచితే తప్ప వినబడదు. అలా అరిచే మనుషుల మధ్యే మీరు పెరిగి ఇంతదాకా వచ్చిన సంగతి కూడా గుర్తుంచుకోండి. అన్యాయాన్ని ప్రశ్నించే మార్పును నిలుపుకోండి, మనుషుల మీద చిరాకు తెప్పించే మార్పును వదిలించుకోండి. ఈ రెండూ ఒకేసారి మొదలవుతాయి కాబట్టి విదేశాలలో చదివే పిల్లలు చాలామంది ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడుతుంటారు, హనుమకొండకు సెలవులకు వచ్చే వారిలో నేను తరచుగా చూసేది ఇదే.

హైదరాబాద్‌లో స్థిరపడ్డ స్నేహితుల సంగతి ఎక్కువ రాయను. వాళ్ళ జీతం నిజమే, మీరు ఇంకా చదువుతున్నారన్నదీ నిజమే. రెండు దారులు వేరు, రెండో సంవత్సరంలో వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఏదీ తేలదు.

చలికాలం విషయంలో మాత్రం జాగ్రత్త. డిసెంబరులో మీరున్న వైపు మధ్యాహ్నం నాలుగు దాటగానే చీకటి పడుతుంది, ల్యాబ్‌లోనే ఉండిపోతే రోజుల తరబడి వెలుతురు చూడకుండానే గడిచిపోతుంది. మధ్యాహ్న భోజనం తరువాత అరగంట బయట నడవండి. తెలుగు స్నేహితులతో బతుకమ్మ ఆడండి, కానీ వారంలో ఒక పూటైనా మన భాష రాని వారితో కలిసి తినండి. రెండు మూడు వారాల పాటు నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు నిలవకపోయినా, విద్యార్థుల సంక్షేమం చూసే స్టూడియరెండెన్‌వెర్క్‌లో సలహాదారులు ఉంటారు, వారి దగ్గరకు వెళ్ళండి. జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు వెళ్ళినట్టే అది కూడా.

వదిలి రావలసిన కారణాలు ఉంటాయని అన్నాను కదా. నచ్చిన ఫలితం కోసం అంకెలు మార్చమని ఎవరైనా ఒత్తిడి చేస్తే, లేదా మీ పనిని మరొకరి పేరు మీద వేసుకుంటే, మొదట మీ విశ్వవిద్యాలయంలో పరిశోధన నీతిని చూసే అంబుడ్స్‌పర్సన్‌ను కలవండి. అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఆ బాధ్యత మీద ఒకరు ఉంటారు, మాట గోప్యంగా ఉంటుంది. పదిమందిలో అవమానించడం అలవాటుగా సాగితే మార్గదర్శకులను మార్చుకునే దారి వెతకాలి, అది కుదరకపోతే బయటపడాలి. కొలతలు కుదిరిన తరువాత కూడా, ఈ మట్టి ప్రశ్న మీద మీకు ఏ ఆసక్తీ లేదని ఒక ఏడాది తరువాత అనిపిస్తే, అప్పుడూ నిశ్చింతగా వచ్చేయవచ్చు, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇప్పటికి చేయవలసింది ఒకటుంది. మీ ఒప్పందం ఎప్పటిదాకా ఉందో, మొదటి పేపర్‌కు ఎన్ని నమూనాల మీద కొలతలు కుదిరితే చాలునో, కుదరకపోతే ఏ పద్ధతికి మారాలో మీ ప్రొఫెసర్ గారితో విడిగా ఒక గంట కూర్చుని కాగితం మీద పెట్టించుకోండి. ఇంకెన్నేళ్ళని ఇంట్లో అడిగినప్పుడు "అయిపోవచ్చింది" అనకుండా, ఆ కాగితంలో ఉన్న సంవత్సరాన్నే చెప్పండి.